రెప్పల అంచున కాపురం

1982 జనవరి 4

ఈ రోజు కూడా నేను ఏడవలేదు. ఊరు మాత్రం ఏడ్చాననే అంటోంది.

పొద్దున పక్కింటి శకుంతలమ్మ పలకరింపుకు వచ్చింది. ఆయన పోయి నెల కావస్తున్నా ఆమె పలకరింపులు అయిపోలేదు. వచ్చినప్పుడల్లా మా ఇంట్లో కాఫీపొడి మాత్రం అయిపోతోంది. నా కళ్ళ నుంచి నీళ్ళు కారుతుంటే చూసి, తన కొంగుతో నా చెంపలు తుడిచి, "మొగుడి కోసరం ఈ మాత్రం ఏడిసే ఆడది ఈ కాలంలో యాడుండాది జ్ఞానాంబా" అని మెచ్చుకుంది. ఆ నిమిషంలో నేను ఆలోచిస్తున్నది పప్పులో చింతపండు ఎక్కువైందా అని.

ఈ డైరీ ఎరువుల కంపెనీవాళ్ళు ఆయన పేరు మీద పంపారు. మనిషి పోయిన సంగతి కంపెనీకి తెలిసినట్టు లేదు. ఉన్నన్నాళ్ళూ వచ్చిన ఏ డైరీలోనూ ఆయన ఒక్క ముక్క రాయలేదు. నిజం ఎక్కడో ఒకచోట ఉండాలి కదా అని నేను రాస్తున్నాను. నాకు దుఃఖం లేదు. కళ్ళు కారుతున్నాయి, అంతే.

జనవరి 7

తెల్లవారి లేస్తే రెప్పలు రెండూ అతుక్కుపోయి ఉన్నాయి. వేన్నీళ్ళతో తడిపి విడదీసుకోవలసి వచ్చింది. రాత్రంతా రెప్ప వెంట్రుకల మొదట్లో ఒకటే దురద. కంట్లో ఇసుక పోసినట్టు ఉంది.

ఎదురింటివాళ్ళు మా పనిమనిషిని అడిగారట, అమ్మగారు రాత్రంతా ఏడుస్తున్నారా అని.

జనవరి 9

మరిది చెంగల్రాయుడు వచ్చి కూర్చున్నాడు. ఆయనకు ఒక్కగానొక్క తమ్ముడు. బజారు వీధిలో ఇతనికి గుడ్డల అంగడి ఉంది, అందులోకి ఈగలు కూడా బేరానికి రావు. అందుకని ఇప్పుడు మా బెల్లం మండీ మీద బాధ్యత పుట్టుకొచ్చింది.

మండీ గద్దె మీద కూర్చున్నది ఆయనే గాని, బెల్లం చూసింది నేను. చిత్తూరు బజారులో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు, ఒప్పుకునేవాళ్ళూ లేరు. మధ్యాహ్నం పూట ప్రతి బండిలోంచీ ఒక ముక్క ఇంటికి వచ్చేది. నేను విరిచి, వెలుతురులో రంగు చూసి, నాలుక మీద పెట్టుకుని, ఇది మొదటి రకం, ఇది రెండో రకం, దీంట్లో తెల్లబడటానికి హైడ్రోసు మందు కలిపారు అని చెప్పి పంపేదాన్ని. ఆయన గద్దె మీద కూర్చుని అదే మాట తన మాటగా చెప్పేవాడు. గొంతు గంభీరంగా ఉండేది, ఆ మాత్రం ఒప్పుకోవాలి.

ఆయన పోయాక గద్దె మీద నేనే కూర్చుంటానన్నాను. పెద్దకర్మ నాడు వర్తకులంతా ఉన్నప్పుడే అన్నాను. సంఘం పెద్ద వెంకటముని నా ముఖం చూసి, "కండ్లు ఆరినాక కూర్సో తల్లీ" అన్నాడు. అందాకా చెంగల్రాయుడు చూసుకుంటాడట. కొత్త బెల్లం వచ్చే కాలం ఇదే. ఈ నాలుగు నెలలూ గద్దె మీద ఎవరు కూర్చుంటే రైతులు వాళ్ళకు అలవాటు పడతారు. ఆ తరువాత కళ్ళు ఆరినా ఒకటే, ఊడినా ఒకటే.

ఇవాళ చెంగల్రాయుడు చెప్పింది కూడా అదే, కాస్త తీపి పూసి చెప్పాడు. వదిన అంత దుఃఖంలో ఉంటే మండీకి రమ్మనడానికి తనకు మనసు రావడం లేదట. దుఃఖం లేదయ్యా అన్నాను. అంటుండగానే రెండు కళ్ళూ కారాయి. అతను తల వంచుకుని గౌరవంగా వెళ్ళిపోయాడు.

జనవరి 19

చెంగల్రాయుడు బెల్లం ముక్కలు ఇంకా ఇంటికి పంపుతున్నాడు. అతనికి బెల్లానికీ మట్టిబెడ్డకీ తేడా తెలియదు కాబట్టి పంపక తప్పదు.

ఈ రోజు ఒక ముక్క చూశాను. మసకగా కనిపించింది. రెప్ప ఆర్పితే తేటపడింది, మళ్ళీ మసక. మొదటి రకం అని చెప్పి పంపాను. సాయంత్రం కబురు వచ్చింది, అది హైడ్రోసు బెల్లమట. కొన్నవాళ్ళు మండీకి వచ్చి నలుగురిలో అరిచి వెళ్ళారట.

భయం వేసింది. ఆయన పోయిన రోజున కూడా ఇంత భయం వేయలేదు. కళ్ళు పోతే నేనేమిటి? వంటింట్లో ఒక మూలన కూర్చోబెట్టి అన్నం పెట్టే ముసలమ్మను.

జనవరి 23

వైద్యాలు జరుగుతున్నాయి. నందివర్ధనం పూలు కళ్ళ మీద పెట్టారు, చల్లగా ఉంది, దురద తగ్గలేదు. ఆముదం రాశారు, కళ్ళు జిగటగా అయ్యాయి, దురద తగ్గలేదు. ధనియాలు నానబెట్టిన నీళ్ళతో కడిగారు. పొన్నగంటి కూర మూడు పూటలా పెట్టారు. శకుంతలమ్మ బాలింత కోడలిని వెంటబెట్టుకుని వచ్చి నా కంట్లో చనుబాలు పిండించబోయింది. ఆ పిల్లకూ సిగ్గే, నాకూ సిగ్గే, శకుంతలమ్మకు ఒక్కదానికే లేదు.

అన్నీ అయ్యాక తోటికోడలు పంకజాక్షి తేల్చి చెప్పింది, మనసులో దుఃఖానికి మందేముంటాది అక్కా అని.

జనవరి 24

పోయినవాళ్ళ పడక సామాను చాకలికి ఇచ్చేస్తారు. పంకజాక్షి వెతికి వెతికి ఆయన దిండు లెక్కకు రాలేదని అడిగింది. బూరుగు దూది దిండు, మంచిది, ఇచ్చేయడం దండగ అని నేనే ఉంచుకున్నాను. నా దిండు గట్టిపడిపోయింది. అందులో అడగడానికి ఏముంది?

జనవరి 30

కుడి కంటి కింది రెప్పకు ఆరు వెంట్రుకలు మిగిలాయి.

ఫిబ్రవరి 2

తిరుపతిలో కళ్ళ డాక్టరు ఉన్నాడంటే వెళ్తానన్నాను. ఏడాది తిరక్కుండా గడప దాటడమేమిటని గొణిగారు. కొండ ఎక్కను, కింద ఆసుపత్రికే అన్నాను. ఒంటరిగా పంపకూడదు కాబట్టి చెంగల్రాయుడు తోడు వస్తాడట. డాక్టరు కూడా దుఃఖమే అని చెబితే ఊళ్ళో సాక్ష్యం చెప్పడానికి ఒకరు ఉండాలి కదా.

ఫిబ్రవరి 5

వెళ్ళి వచ్చాను. చాలా రాయాలి.

బస్సు దిగి కొండ వైపు తల తిప్పకుండా నడిచాను. చూస్తే దండం పెట్టాలి, పెడితే ఏదో ఒకటి కోరుకోవాలి. ఏం కోరుకోవాలో నాకే తెలియలేదు.

డాక్టరు పేరు రాజారత్నం, చిన్నవాడే. నా కళ్ళు చూసి ఎవరు పోయారని అడగని మొదటి మనిషి అతనే. భూతద్దం పెట్టి రెప్పల అంచులు చూశాడు. వెంట్రుకల మొదళ్ళ చుట్టూ తెల్లటి పొట్టు గొట్టంలా పట్టి ఉందన్నాడు. నాలుగు వెంట్రుకలు పీకాడు. మిగిలిందే కొన్ని, అందులో నాలుగు. గాజుపలక మీద పెట్టి, నూనె చుక్క వేసి, మైక్రోస్కోపులో చూసి సంతోషపడ్డాడు. డాక్టరు సంతోషపడితే రోగి భయపడాలని నాకు తెలుసు.

నన్నూ చూడమన్నాడు. ఒక వెంట్రుక, దాన్ని అంటిపెట్టుకుని మూడు పురుగులు. సన్నగా పొడుగ్గా ఉన్నాయి, ముందువైపు పొట్టి కాళ్ళు. అందులో ఒకటి నన్ను చూసి పలకరిస్తున్నట్టు కాళ్ళు ఆడించింది. మాకు పిల్లలు లేరని ఇన్నేళ్ళు జాలిపడినవాళ్ళందరినీ పిలిచి చూపించాలనిపించింది.

ఇవి నల్లి జాతివట. మామూలు కంటికి కనిపించవు. వెంట్రుక మొదట్లో తలకిందులుగా దూరి కాపురం పెడతాయి. పగలు వెలుతురుకు బయటికి రావు, రాత్రి పూట రెప్పల మీద షికారు తిరుగుతాయి. కాస్త వయసు వచ్చిన వాళ్ళలో చాలామందికి ఉంటాయట, కొద్దిగా ఉంటే ఏమీ చేయవట. సంతానం పెరిగితేనే తంటా.

"అయితే ఈ నీళ్ళు ఏడుపు కాదా" అని అడిగాను. చెంగల్రాయుడికి వినపడేట్టు కాస్త గట్టిగానే అడిగాను.

"మీ కళ్ళు ఎండిపోయి ఉండాయమ్మా. ఎండిపోయినందుకే కారతా ఉండాయి" అన్నాడు.

కంటి మీద ఎప్పుడూ పలచగా కన్నీటి పొర ఉంటుందట. దాని మీద ఇంకా పలచగా నూనె పొర. పాల మీద మీగడ లాగా అది నీటిని కప్పి ఉంచుతుంది. ఆ నూనె రెప్ప అంచున ఉండే గ్రంథుల నుంచి ఊరుతుంది. ఈ పురుగులూ వాటి చెత్తా చేరి ఆ దారులు మూసుకుపోయాయి, రెప్పలు వాచాయి. నూనె లేక కన్నీటి పొర చిరిగిపోతోంది, కన్ను ఆరిపోయి మండుతోంది, చూపు మసకబడుతోంది. మంటకు తట్టుకోలేక కన్ను ఒక్కసారిగా నీళ్ళు వదులుతుంది. ఆ నీళ్ళలో నూనె ఉండదు కాబట్టి అవి నిలవవు, చెంపల మీదికి జారిపోతాయి. ఇలాగే వదిలేస్తే నల్లగుడ్డు మీద పుండు పడుతుందన్నాడు. వేడి గుడ్డతో కాపడం, చంటిపిల్లల సబ్బు నీళ్ళలో కలిపి దూదితో రెప్పల అంచులు తుడవడం, రాత్రి పూట పూత మందు. నెలన్నర చేయాలి.

చెంగల్రాయుడు ఊరుకోలేక, మా వంశంలో ఇట్లాంటివి లేవే సార్ అన్నాడు. డాక్టరు అతన్ని కూర్చోమని రెండు వెంట్రుకలు పీకాడు. గాజుపలక పెట్టి, మీరే చూసుకోండి అన్నాడు. అతను చాలాసేపు చూశాడు. తరువాత నేనూ చూశాను. ఒక వెంట్రుకకే ఐదు. మా మరిదికి అన్నీ నాకంటే ఎక్కువే ఉండాలి.

తరువాత డాక్టరు ఇంట్లో ఇంకెవరికైనా ఇలా కళ్ళు కారేవా అని అడిగాడు. ఆయనకు కారేవి. పదేళ్ళు ఎర్రగా, తడిగా ఉన్నాయి. మండీ దుమ్మని నేను అనేదాన్ని. ఊరు మాత్రం ఆయనది వెన్నలాంటి మనసు అనేది. ఏ రైతు వచ్చి కష్టం చెప్పుకున్నా సెట్టికి కళ్ళు తడుస్తాయని, చుట్టుపక్కల పల్లెల బళ్ళన్నీ మా మండీకే వచ్చేవి. పురుగుల పుణ్యాన సాగిన వ్యాపారం అది. ఆయన కంటి నీళ్ళు ఆయనకు పేరు తెచ్చాయి, నా కంటి నీళ్ళు నన్ను గద్దె ఎక్కనివ్వలేదు. అవే పురుగులు.

ఒకే తుండుగుడ్డ, ఒకే దిండు వాడారా అని అడిగాడు. చాలా ఏళ్ళుగా ఆయన ముందుగదిలో, నేను వంటింటి పక్క గదిలో పడుకుంటున్నాం అని చెప్పాను. మరి ఇప్పుడు అన్నాడు. ఆయన దిండే వేసుకుంటున్నాను, గలీబు వారం వారం ఉతుకుతాను అన్నాను.

ఉతకలేదు. ఒక్కసారి కూడా.

తిరుగు బస్సు పూతలపట్టులో ఆగితే చెంగల్రాయుడు టీకి కూడా దిగలేదు. కిటికీ పక్కన కూర్చుని రెప్పలు తడుముకుంటూనే ఉన్నాడు.

ఫిబ్రవరి 6

గలీబు ఉడకబెట్టి, దిండు ఎండలో వేయమన్నాడు డాక్టరు. రేపు చేస్తాను.

ఫిబ్రవరి 7

రేపు.

ఫిబ్రవరి 9

ఉడకబెట్టాను. నీళ్ళు నల్లగా దిగాయి. దిండు సాయంత్రం దాకా ఎండింది. తల పెట్టి చూశాను. తలనూనె వాసన లేదు, చుట్ట వాసన లేదు. ఇప్పుడది ఏ అంగట్లోనైనా దొరికే దిండు.

బూరుగు దూది మాత్రం మంచిదే.

ఫిబ్రవరి 13

మరిది సాక్ష్యం చెప్పేశాడు. జ్ఞానాంబ కళ్ళలో పురుగులు పడ్డాయని బజారంతా తెలిసిపోయింది. అతని వెంట్రుకల సంగతి మాత్రం బస్సులోనే మరిచిపోయినట్టున్నాడు.

శకుంతలమ్మ గుమ్మం బయటే నిలబడి మాట్లాడింది. మొగుడు పోయిన ఆడదాని కళ్ళలో పురుగులు పడ్డాయంటే ఏ జన్మలో ఏం చేసిందో అని ఎవరో అన్నారట. అన్నది తను కాదట. మండీలో మాట ఇంకోలా తిరిగింది. ఆమె బెల్లం ముట్టుకుంటే పురుగు బెల్లంలోకి రాలుతుంది, ఇక ఎవరు కొంటారు?

నిన్నటి దాకా నేను ఏడ్చే పతివ్రతను, కాబట్టి గద్దె ఎక్కకూడదు. ఈ రోజు పురుగుల ముండను, కాబట్టి గద్దె ఎక్కకూడదు. కారణం మారిందిగాని గద్దె మీద మనిషి మారలేదు. కోపంతో అక్షరాలు కుదరడం లేదు.

ఫిబ్రవరి 14

కాపడం. సబ్బు నీళ్ళు. పూత.

ఫిబ్రవరి 28

పొద్దున రెప్పలు అతుక్కోలేదు.

మార్చి 12

కళ్ళు కారడం ఆగి నాలుగు రోజులైంది. రంగు తెలుస్తోంది. పనిమనిషి అంగడి నుంచి తెచ్చిన బెల్లంలో హైడ్రోసు ఉందని ఇంతదూరం నుంచే చెప్పాను. వెనక్కి పంపించేశాను. ఇంత సంతోషం కలిగి ఎన్నాళ్ళైందో.

కళ్ళు ఆరాయని వెంకటమునికి కబురు పెట్టాను.

మార్చి 14

వెంకటముని ఇంటి వసారాలో పదిమంది వర్తకులు, వాళ్ళతో చెంగల్రాయుడు కూర్చున్నారు. ఒక్కదాన్నే వెళ్ళాను.

కళ్ళు ఆరాయి, మాట ప్రకారం గద్దె ఇవ్వమన్నాను. వెంకటమునే పెద్దరికం తెచ్చుకుని, అది కాదమ్మా, పురుగుల మాట జనంలోకి పోయింది కదా అన్నాడు. అందరూ తలలూపారు. ఊపుతూనే ఇద్దరు కళ్ళు నలుపుకున్నారు.

నేను చెంగల్రాయుడి వైపు తిరిగాను. తిరుపతిలో డాక్టరు రెండో గాజుపలకలో ఎవరి వెంట్రుక పెట్టాడో, అందులో ఎన్ని కనిపించాయో చెప్పమన్నాను. అతను పైకప్పు చూశాడు. వెంకటముని గద్దించి అడిగితే, "నాకూ ఉండాయి లేప్పా. ఒగటికి ఐదు" అన్నాడు. వసారాలో అందరి చేతులూ ఒకేసారి కళ్ళ మీదికి పోయాయి. కాస్త వయసు వచ్చిన వాళ్ళలో చాలామందికి ఉంటాయని డాక్టరు చెప్పిన మాట కూడా చెప్పాను. పురుగున్న చేత్తో బెల్లం తాకకూడదంటే రేపటి నుంచి చిత్తూరులో మండీలన్నీ మూసేయాలన్నాను.

అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. ఆగలేదు.

"ఆయన కండ్లు పదేండ్లు కారినాయి. మీరెవురైనా గద్దె దిగమన్నారా? మెత్తని మనసన్నారు. ఆయనవీ పురుగులే, నావీ పురుగులే. నేను ఆయన కోసరం ఒక్క సుక్క ఏడవలేదు, సూసుకోండి" అన్నాను.

లోపలి నుంచి వింటున్న ఆడవాళ్ళ గాజుల చప్పుడు ఆగిపోయింది. వెంకటముని నా వైపు చూడకుండా, శుక్రవారం నుంచి కూర్సోమ్మా అన్నాడు.

గెలిచాను.

మార్చి 19

గద్దె మీద కూర్చున్నాను. మెత్తలో ఆయన కూర్చున్నచోట గుంట పడి ఉంది. రెండు రోజుల్లో సర్దుకుంటుంది. చెంగల్రాయుడిని కాటా దగ్గర నిలబెట్టాను. చంటిపిల్లల సబ్బు అతనికీ ఒకటి కొనిచ్చాను, తీసుకున్నాడు.

శకుంతలమ్మ కాఫీకి రావడం మానేసింది. మొగుడి కోసం ఏడవలేదని పదిమందిలో చెప్పుకున్నదాని ఇంట్లో ఎవరు కాఫీ తాగుతారు? కాఫీపొడి మిగులుతోంది.

మార్చి 26

పూతలపట్టు అవతలి పల్లె నుంచి నారాయణ అనే రైతు బండి తోలుకొచ్చాడు. ఏడాదికి ఒక్కసారి, తన చెరకు ఆడటం అయిపోయినప్పుడే వస్తాడు. బెల్లం దిమ్మలు దించి, తలగుడ్డతో ముఖం తుడుచుకుని, గద్దె వైపు చూశాడు. నన్ను చూశాడు. మండీ అంతా ఒకసారి కలియజూశాడు.

"అమ్మా, సెట్టి యాడ?" అన్నాడు.

ఇన్నాళ్ళలో ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. వచ్చినవాళ్ళందరూ తెలుసుకునే వచ్చారు. వాళ్ళే చెప్పారు, వాళ్ళే ఏడ్చారు. ఎవరికీ నేను చెప్పవలసిన అవసరం రాలేదు.

"లేడప్పా" అన్నాను. అతనికి అర్థం కాలేదు, ఊరికి పోయినాడా అన్నాడు. "సచ్చిపోయినాడు" అన్నాను.

ఆ మాట నా నోటితో రావడం అదే మొదటిసారి. చేతిలో బెల్లం ముక్క ఉంది, రంగు చూద్దామని ఎత్తాను, కనిపించలేదు. పురుగుల నీళ్ళు కంట్లో పుట్టి చెంప మీదికి జారిపోతాయి, నాకు బాగా తెలుసు. ఇవి అలా రాలేదు. గొంతులో మొదలయ్యాయి. ముక్కు మూసుకుపోయింది. చప్పుడు బయటికి వస్తుందేమోనని పమిట నోట్లో కుక్కుకున్నాను. వచ్చింది.

నారాయణ తలగుడ్డ చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కాటా ఆగిపోయింది. బేరానికి వచ్చినవాళ్ళంతా చూస్తున్నారు. వెంకటముని కొడుకు కూడా ఉన్నాడు. కళ్ళు ఆరితేనే గద్దె అన్న మాట వాళ్ళకూ గుర్తుంటుంది, నాకూ గుర్తుంది. ఆపాలని చూశాను. ఆగలేదు.

చెంగల్రాయుడు కాటా వదిలి నా దగ్గరికి వచ్చాడు. ఇక అయిపోయింది అనుకున్నాను. అతను వంగి, మెల్లగా అడిగాడు.

"పురుగులా వొదినా?"

"పురుగులే" అన్నాను.

అతను మండీ వైపు తిరిగి, "కండ్లల్లో పురుగులప్పా. డాక్టరు సెప్పినాడు. మీ పని మీరు సూసుకోండి" అని అరిచాడు. నారాయణ తెచ్చిన దిమ్మలు కాటా మీదికి ఎత్తించాడు. చెంగల్రాయుడి కళ్ళు కూడా ఎర్రగా ఉన్నాయి. అతనికి నాకంటే ఎక్కువే కదా పురుగులు.

ఏప్రిల్ 2

తిరుపతి. ఒక్కదాన్నే వెళ్ళాను. వారం నుంచి మళ్ళీ కారుతున్నాయి, రాత్రిళ్ళు మరీ ఎక్కువ అని చెప్పాను. రాజారత్నం భూతద్దం పెట్టి చూశాడు. రెప్పల అంచులు శుభ్రంగా ఉన్నాయన్నాడు. వెంట్రుకలు కొత్తవి వస్తున్నాయన్నాడు. అయినా నేను పట్టుబడితే నాలుగు పీకి మైక్రోస్కోపులో పెట్టాడు. ఒక్కటీ లేదన్నాడు.

సరిగ్గా చూడమన్నాను. ఇంకో రెండు పీకాడు. అందులోనూ లేవు.

ఒక్కటైనా ఉండి ఉండాల్సింది.